హైస్కూలు గడప తొక్కని గురువు: జో లాప్‌చిక్

ఈ స్వర్ణోత్సవ సంచికలో మన గురువుల గురించి చాలామంది మిత్రులు రాస్తారు. అందుకే నేను ఒక పరాయి దేశపు గురువు గురించి రాస్తున్నాను. బాస్కెట్‌బాల్ అంటే ఇష్టం ఉన్నవాళ్ళలో కూడా ఈ పేరు విన్నవాళ్ళు మనలో తక్కువే ఉంటారు. ఆయన పేరు జో లాప్‌చిక్.

1900 ఏప్రిల్ 12న న్యూయార్క్ పక్కనే ఉన్న యోంకర్స్‌లో పుట్టారు. తల్లిదండ్రులు చెక్ ప్రాంతం నుంచి వలస వచ్చినవాళ్ళు. ఇంట్లో డబ్బుకు ఇబ్బంది. ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయింది, ఆయన కార్ఖానా పనిలో చేరారు. అయితే ఎత్తు మాత్రం 6 అడుగుల 5 అంగుళాలకు పెరిగింది. ఆ రోజుల్లో బుట్టలో బంతి పడ్డ ప్రతిసారీ ఆట మళ్ళీ మధ్య గీత దగ్గర జంప్ బాల్‌తోనే మొదలయ్యేది. 1937లో ఆ నిబంధన తీసేసేదాకా, పైకి ఎగిరి బంతిని తన వాళ్ళకు అందించగల పొడగరి ఉన్న జట్టుదే పైచేయి. అందుకే కుర్రతనంలోనే ఆయనకు గిరాకీ వచ్చింది. ఆటకు ఇంత అని డబ్బు తీసుకుని, ఒకేసారి రెండు మూడు జట్లకు ఆడేవారు.

1923లో ఒరిజినల్ సెల్టిక్స్ జట్టులో చేరారు. ఆ కాలంలో వాళ్ళకు ఎదురు లేదు. లీగులో మిగతా జట్లు వాళ్ళ ముందు నిలవలేకపోవడంతో 1928లో ఆ జట్టునే విడగొట్టి ఆటగాళ్ళను పంచేశారు. లాప్‌చిక్ క్లీవ్‌లాండ్ రోసెన్‌బ్లమ్స్‌కు వెళ్ళారు. ఆ జట్టు 1929, 1930 సంవత్సరాల్లో వరుసగా విజేత అయింది. తరవాత సెల్టిక్స్ మళ్ళీ కూడి, ఊరూరా తిరిగి ఆడారు. వాళ్ళకు దీటైన ప్రత్యర్థి అంతా నల్లజాతి ఆటగాళ్ళే ఉన్న న్యూయార్క్ రెన్స్ జట్టు. తెల్లవాళ్ళు, నల్లవాళ్ళు ఒక హోటల్లో కలిసి తినడానికి కూడా వీల్లేని ఊళ్ళు ఎన్నో ఉన్న రోజులవి. లాప్‌చిక్ మాత్రం ఆట మొదలయ్యే ముందు, రెన్స్ సెంటర్ టార్జాన్ కూపర్‌ను అందరి ఎదుటా కౌగలించుకునేవారని చెబుతారు.

1936లో న్యూయార్క్‌లోని సెయింట్ జాన్స్ విశ్వవిద్యాలయం ఆయన్ను కోచ్‌గా తీసుకుంది. హైస్కూలు కూడా చదవని మనిషి డిగ్రీ విద్యార్థులకు గురువయ్యారు. ఆడటం వేరు, ఆడించడం వేరు. చేతికి అలవాటైన పనిని మాటల్లో పెట్టి మరొకరికి నేర్పడం ఎంత కష్టమో మా కర్మాగారాల్లో నేను రోజూ చూస్తుంటాను. లాప్‌చిక్ దాన్ని సాధించారు. 1943, 1944లో ఆయన జట్టు వరుసగా రెండుసార్లు ఎన్‌ఐటి గెలిచింది. ఎన్‌ఐటి అంటే మనకు వరంగల్ కళాశాల గుర్తొస్తుంది గానీ, ఇది ఆ రోజుల్లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగిన నేషనల్ ఇన్విటేషన్ టోర్నమెంట్. అప్పట్లో కళాశాల జట్లకు అంతకు మించిన గౌరవం లేదనే చెప్పాలి.

1947లో వృత్తి జట్టు న్యూయార్క్ నిక్స్ శిక్షకుడయ్యారు. 1951 నుంచి వరుసగా మూడేళ్ళు ఆ జట్టు ఎన్‌బిఎ ఫైనల్‌కు చేరింది, మూడుసార్లూ ఓడింది. అంతకంటే పెద్ద సంగతి 1950లో జరిగింది. నిక్స్ జట్టు నాట్ క్లిఫ్టన్‌ను చేర్చుకుంది. ఎన్‌బిఎలో అడుగుపెట్టిన మొదటి నల్లజాతి ఆటగాళ్ళలో ఆయన ఒకరు. దానికి లాప్‌చిక్ ఇల్లు మూల్యం చెల్లించింది. ఇంటి ఎదుట చెట్టుకు తండ్రి దిష్టిబొమ్మ వేలాడటం, ఫోన్లో గుర్తు తెలియనివాళ్ళు తిట్టడం తన పసితనపు జ్ఞాపకాలని కుమారుడు రిచర్డ్ తరవాతి కాలంలో చెప్పారు. ఆ రిచర్డ్ పెద్దయ్యాక క్రీడల్లో జాతి వివక్షపై పోరాడేవాడయ్యాడు.

ఇక 1951లో కళాశాల బాస్కెట్‌బాల్‌ను కుదిపేసిన కుంభకోణం బయటపడింది. జూదగాళ్ళు విద్యార్థులకు డబ్బిచ్చారు. ఓడిపొమ్మని కాదు, గెలిచే తేడాను కాస్త తగ్గించమని. ఓడటం లేదు కదా అనుకున్న కుర్రాళ్ళు ఎందరో చిక్కుకున్నారు. కొందరు జైలుకు వెళ్ళారు. ఎన్‌బిఎ తలుపులు వాళ్ళకు శాశ్వతంగా మూసుకుపోయాయి. లాప్‌చిక్ ఆ వార్తల కత్తిరింపులన్నీ ఒక పుస్తకంలో అంటించి పెట్టుకున్నారు. ఆరోగ్యం దెబ్బతిని 1956లో నిక్స్‌ను వదిలి సెయింట్ జాన్స్‌కు తిరిగి వచ్చాక, తన ఆటగాళ్ళ చేత ఆ పుస్తకం చదివించేవారు. తమ వయసు కుర్రాళ్ళ ఫొటోలు, అరెస్టుల వార్తలు వాళ్ళే చూసుకునేవారు. ఆయన పాఠాలన్నింటిలో నాకు గొప్పగా తోచేది ఇదే. నీతి బోధిస్తే కుర్రాళ్ళు ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తారు. తమలాంటివాడి బతుకు ఎలా ముగిసిందో కళ్ళారా చూస్తే గుర్తు పెట్టుకుంటారు.

1959లో మళ్ళీ ఎన్‌ఐటి గెలిచారు. 1965లో ఆయనకు 65 ఏళ్ళు నిండుతున్నాయి. విశ్వవిద్యాలయ నిబంధన ప్రకారం పదవీ విరమణ తప్పదు. పని చేయగల ఓపిక ఉంది, జట్టు బాగుంది, అయినా నియమం నియమమే. మన ఉపాధ్యాయుల్లో చాలామందికి ఈ బాధ తెలుసు. ఆ ఏడాది మొదట్లో, అప్పటికి దేశంలో మొదటి స్థానంలో ఉన్న మిషిగన్ జట్టును ఒక్క పాయింటు తేడాతో ఓడించారు. మార్చిలో, ఆయన కోచ్‌గా కూర్చున్న చివరి ఆటలో విలనోవాపై 55-51తో నాలుగో ఎన్‌ఐటి గెలిచారు. సెయింట్ జాన్స్‌లో మొత్తం 20 సీజన్లు, 334 గెలుపులు, 130 ఓటములు.

మరుసటి ఏడాది ఆటగాడిగా ఆయనకు బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. 1970 ఆగస్టు 10న గుండెపోటుతో కన్నుమూశారు. ఆయన కుర్చీలో కూర్చున్నది ఆయన దగ్గర సహాయకుడిగా పనిచేసిన లూ కార్నెసెక్కా. ఆయన కూడా అదే విశ్వవిద్యాలయంలో దశాబ్దాలపాటు పనిచేసి, 1992లో అదే హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎక్కారు.