స్ఫటికాల అయస్కాంత గుణాన్ని కొలిచిన కృష్ణన్

ఏటా ఫిబ్రవరి 28న జాతీయ విజ్ఞాన దినోత్సవం వస్తుంది, రామన్ పేరు దేశమంతా వినిపిస్తుంది. 1928లో ఆ కాంతి ప్రయోగాల్లో ఆయన పక్కనే నిలిచి పనిచేసిన కరియమాణిక్యం శ్రీనివాస కృష్ణన్ పేరు మాత్రం చాలామందికి సహాయకుడిగానే తెలుసు. అది ఆయనకు తగిన గుర్తింపు కాదు. కృష్ణన్ తనదిగా చేసుకొని ఏళ్ల తరబడి శ్రమించిన రంగం వేరు: స్ఫటికాల అయస్కాంతత్వం.

1898 డిసెంబరు 4న, నేటి తమిళనాడులోని శ్రీవిల్లిపుత్తూరు సమీప గ్రామంలో కృష్ణన్ జన్మించారు. మదురై, మద్రాసు నగరాల్లో చదువుకొని, కొంతకాలం మద్రాసు క్రైస్తవ కళాశాలలో రసాయనశాస్త్ర డిమాన్‌స్ట్రేటరుగా పనిచేసి, కలకత్తా చేరారు. 1923 నుంచి రామన్ వద్ద పరిశోధన సాగించారు.

రామన్ ఆవిష్కరణ ప్రపంచమంతా మారుమోగుతున్న వేళ, 1928 చివరలో ఆయన ఢాకా విశ్వవిద్యాలయంలో రీడరుగా చేరారు. సత్యేంద్రనాథ్ బోస్ ఉన్న విభాగమది. అయస్కాంత పరిశోధన అక్కడే ఊపందుకుంది. పదార్థాన్ని పొడి చేసి కొలిస్తే అన్ని దిశల సగటు మాత్రమే తేలుతుంది. దిశను బట్టి మారే గుణం తెలియాలంటే ఒకే స్ఫటికాన్ని కొలవాలి, స్ఫటికమేమో అతి చిన్నది. కృష్ణన్ బృందం దాన్ని సన్నని క్వార్ట్జ్ పోగుకు వేలాడదీసి అయస్కాంత క్షేత్రంలో ఉంచింది. పోగు పై కొసను మెల్లగా మెలిపెడుతూ పోతే, స్ఫటికం కొంతవరకు తన దిశను విడవదు. ఒక హద్దు దాటగానే గిరుక్కున తిరుగుతుంది. ఆ హద్దు వద్ద మెలిక ఎంతో తెలిస్తే రెండు దిశల అయస్కాంత గుణాల మధ్య తేడా లెక్కకు అందుతుంది. ఖరీదైన యంత్రాలు లేని రోజుల్లో ఇంతటి సూక్ష్మమైన కొలత సాధ్యం కావడం నేటికీ ఆశ్చర్యమే.

1933లో ఆయన మహేంద్రలాల్ సర్కార్ ఆచార్యులుగా కలకత్తాకు తిరిగి వచ్చారు. పెన్సిళ్లలో వాడే గ్రాఫైట్ అక్కడ ఆయన దృష్టిని ఆకర్షించింది. అది పొరలు పొరలుగా అమరిన పదార్థం. క్షేత్రం పొరలకు లంబంగా ఉన్నప్పుడు అది చూపే వికర్షణ, పొరల వెంబడి ఉన్నప్పటికంటే అనేక రెట్లు ఎక్కువ. పొరల్లో స్వేచ్ఛగా సంచరించే ఎలక్ట్రాన్లే ఇందుకు కారణమని కృష్ణన్ పరిశోధనలు సూచించాయి.

దిశను బట్టి కొలవడం ఎంత అవసరమో చెప్పడానికి యాంటీఫెర్రో అయస్కాంత పదార్థాలే మంచి ఉదాహరణ. వాటిలో ఇరుగుపొరుగు పరమాణు అయస్కాంతాలు ఎదురెదురు దిశల్లో నిలిచి ఒకదాని ప్రభావాన్ని మరొకటి రద్దు చేస్తాయి. అందువల్ల ఆ క్రమం బయటికి కనిపించదు. చలి పెరిగేకొద్దీ పరమాణు అయస్కాంతాలు నిలిచిన అక్షం వెంబడి స్పందన తగ్గిపోతుంది, అడ్డంగా కొలిస్తే దాదాపు మారదు. పొడిలో ఈ తేడా కలగలిసిపోతుంది. పరమాణువులు గొలుసులుగానో పొరలుగానో అమరిన పదార్థాల్లో ఒక్కో పరమాణువుకు బలంగా ప్రభావం చూపే పొరుగులు తక్కువ. వేడి కలిగించే అలజడికి క్రమం తేలికగా చెదురుతుంది కనుక, అది నిలవాలంటే మరింత చలి కావాలి. ఇలాంటి పదార్థాల పరిశీలనలో నేడు వాడే టార్క్ మాగ్నెటోమెట్రీకి కూడా మెలిక బలమే ఆధారం.

1940లో రాయల్ సొసైటీ ఫెలో అయిన కృష్ణన్, 1942లో అలహాబాద్ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. 1947లో ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలకు తొలి సంచాలకులయ్యారు. పాలనా బాధ్యతలు పెరిగినా పరిశోధన మానలేదు. వేడెక్కిన లోహాల నుంచి ఎలక్ట్రాన్లు వెలువడే తీరుపై అక్కడ కృషి చేశారు. తమిళంలో విజ్ఞాన వ్యాసాలూ రాశారు. 1954లో పద్మభూషణ్, 1958లో తొలి శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారం అందుకున్నారు. 1961 జూన్‌లో, సంచాలక పదవిలో ఉండగానే, 62వ ఏట కన్నుమూశారు.