సమతను ఆచరించి చూపిన యతిరాజు

ఆరాంఘర్ కూడలి దాటి బెంగళూరు రహదారిపై దక్షిణంగా సాగితే శంషాబాద్ వస్తుంది. ఆ పైన ముచ్చింతల్‌లో చేతులు జోడించి పద్మాసనస్థులైన ఒక యతీశ్వరుల దివ్యమూర్తి దర్శనమిస్తుంది. 216 అడుగుల ఆ సమతామూర్తిని 2022 ఫిబ్రవరి 5న, వసంత పంచమి నాడు, లోకానికి అంకితం చేశారు. మీలో ఎందరో కుటుంబ సమేతంగా దర్శించే ఉంటారు. లోపలి మందిరంలోని స్వర్ణమూర్తి బరువు 120 కిలోలు. ఆ మహనీయుడు భూమిపై గడిపిన 120 సంవత్సరాలకు అది గుర్తు. ఆ ఎత్తును, ఆ బంగారాన్ని చూసి అబ్బురపడటం సహజమే. అయితే సమత అనే మాట కోసం శ్రీమద్రామానుజాచార్యులు ఏమేమి వదులుకున్నారో కూడా ఒకసారి స్మరించుకోండి.

1017లో శ్రీపెరుంబుదూరులో ఆసూరి కేశవ సోమయాజి, కాంతిమతి దంపతులకు ఆయన జన్మించారు. తిరుమలేశునికి తీర్థకైంకర్యం చేసిన శ్రీశైలపూర్ణులు కాంతిమతికి సోదరులు. ఆ లెక్కన రామానుజులు మన వేంకటాద్రికి మేనల్లుని వరుస! తరువాతి కాలంలో తిరుపతికి వచ్చి, ఆ మేనమామ పాదాల చెంతనే ఏడాదిపాటు శ్రీమద్రామాయణ రహస్యాలను అభ్యసించారు.

కంచిలో చదువుకునే రోజులలో వరదరాజస్వామికి వింజామర వీచే కాంచీపూర్ణులంటే రామానుజులకు అపారమైన గౌరవం. ఆయన వైశ్యులు. ఆ భక్తుని భుక్తశేషాన్ని ప్రసాదంగా స్వీకరించాలని రామానుజులు ఒకనాడు ఇంటికి ఆహ్వానించారు. ఆయన వచ్చే వేళకు రామానుజులు ఇంట లేరు. ఇల్లాలు తంజమాంబ అతిథికి వడ్డించి, మిగిలినది ఇచ్చివేసి, చోటు శుద్ధి చేసి, తలస్నానం చేసి మళ్లీ వంట చేసింది. ఆమెను నిందించనక్కరలేదు; ఆనాటి ఇళ్లన్నిటిలోనూ అదే ఆచారం. కానీ భర్త మనస్సు విరిగింది. అటువంటివే మరికొన్ని జరిగాక గృహస్థాశ్రమాన్ని విడిచి, వరదుని సన్నిధిలో కాషాయం ధరించారు.

తిరుమంత్రార్థం కోసం గోష్ఠీపూర్ణుల వద్దకు పద్దెనిమిదిసార్లు నడిచి వెళ్లిన గాథ మీకు తెలిసినదే. రహస్యాన్ని వెల్లడిస్తే నరకం తప్పదని గురువు హెచ్చరించినా, ఆలయ గోపురమెక్కి అందరికీ వినిపించారు. ఇందరు తరిస్తుంటే తానొక్కడు నరకానికి పోవడం మేలేనని గురువుకు విన్నవించుకున్నారు. ఆగ్రహించిన గురువే ఆయనను కౌగిలించుకున్నారు.

గోపురం మీది ఘట్టం కంటే కావేరి రేవులోని నిత్యకృత్యం ఇంకా గొప్పదని ఈ రచయితకు తోస్తుంది. శ్రీరంగంలో స్నానానికి వెళ్లేటప్పుడు బ్రాహ్మణ శిష్యుని చేయూతతో నడిచేవారు. స్నానం ముగించి వచ్చేటప్పుడు ధనుర్దాసు భుజం ఆనుకుని వచ్చేవారు. ధనుర్దాసు ఉరైయూరు మల్లయోధుడు, అగ్రవర్ణుడు కాడు. మఠంలో గుసగుసలు బయలుదేరాయి. ఆచార్యులు వాదించలేదు. ఒక రాత్రి శిష్యుల వస్త్రాల అంచులు చింపించారు. తెల్లవారేసరికి ఆ పండితులు చింకిపాతల కోసం ఒకరినొకరు దూషించుకున్నారు. మరొక రాత్రి ధనుర్దాసును మాటలలో ఉంచి, వారినే అతని ఇంటికి దొంగతనానికి పంపారు. నిద్రిస్తున్న హేమాంబ ఒంటిపై ఒక వైపు నగలు ఒలిచారు. ఆమెకు మెలకువ వచ్చింది. పాపం, పేద వైష్ణవులు, రెండవ వైపు కూడా తీసుకొందురు గాక అని ఆమె పక్కకు ఒత్తిగిలింది. వారు బెదిరి పరుగెత్తారు. ఇంటికి వచ్చిన భర్త సంగతి విని, కదలకుండా ఉండవలసిందని ఆమెనే మందలించాడు! చాటున నిలిచి ఆలకించిన శిష్యులు మఠానికి వచ్చి విన్నది విన్నట్లు చెప్పారు. ఎవరు కులీనులో చెప్పండని ఆచార్యులు అడిగితే వారు తల వంచుకున్నారు.

ఆయన గురువైన మహాపూర్ణులు అంత్యజుడైన మారనేరినంబికి స్వయంగా అంత్యక్రియలు నిర్వర్తించి, బంధువుల వెలికి గురయ్యారు. జటాయువుకు శ్రీరాముడు చేసినదే తానూ చేశానన్నది ఆ పెద్దాయన సమాధానం.

కష్టకాలమూ వచ్చింది. చోళప్రభువు శివపారమ్యాన్ని అంగీకరించమని ఆజ్ఞాపించగా, ప్రియశిష్యుడు కూరేశుడు గురువు కాషాయాన్ని తాను ధరించి రాజసభకు వెళ్లి కన్నులు కోల్పోయాడు. వెంట వెళ్లిన మహాపూర్ణులు అసువులు బాశారు. రామానుజులు తెల్లని వస్త్రాలతో కన్నడదేశం చేరి, మేల్కోటలో తిరునారాయణుని ఆలయాన్ని పునరుద్ధరించారు. విగ్రహం కోసం సాగిన యాత్రలో తోడ్పడిన అంత్యజులకు తిరుక్కులత్తార్ అని పేరుపెట్టి, ఏటా కొన్ని దినాలు ఆలయప్రవేశం కల్పించారు. కొన్ని దినాలేనా అని నేటివారు అడగవచ్చు, అడగవలసిందే. తొమ్మిది శతాబ్దాల క్రితం మాత్రం ఆ తలుపు అంతమాత్రమైనా తెరవడానికి మరొకరు సాహసించలేదు. స్వామిని విడువలేక వెంట వచ్చిన ఢిల్లీ పాదుషా కుమార్తె బీబీ నాంచారి మూర్తి ఆ కోవెలలో స్వామి పాదాల చెంత నేటికీ పూజలందుకుంటున్నది. కాలగణన కుదరదని చరిత్రకారులంటారు. భక్తులు ఆ పూజను మానలేదు.

వృద్ధాప్యంలో శ్రీరంగానికి తిరిగివచ్చి, చూపులేని కూరేశుణ్ణి హత్తుకుని విలపించారు. 1137లో పరమపదించారు. ఆయన దివ్యదేహాన్ని ఆలయప్రాకారంలోనే కూర్చుండబెట్టి నిలిపారని సంప్రదాయం. సంవత్సరానికి రెండుసార్లు పచ్చకర్పూరం, కుంకుమపువ్వు కలిపి ఆ తిరుమేనికి పూత పూస్తారు. శ్రీరంగం వెళ్లినప్పుడు రంగనాథుని సేవించుకుని, ఆ సన్నిధికి కూడా వెళ్లి రండి.