బనగానపల్లెలో బ్రహ్మంగారు: గృహసేవ – గ్రంథరచన

కాలజ్ఞానకర్త పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి 17వ శతాబ్దివాడని సంప్రదాయము. దేశసంచారము చేయుచు బనగానపల్లెకు వచ్చి, గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట పశువుల కాపరిగా కుదిరెననియు, ఆవులు మేయువేళ రవ్వలకొండ గుహలో తాటాకులపై కాలజ్ఞానము వ్రాసెననియు చరిత్రకారులైన భక్తులు చెప్పుదురు. మందచుట్టు గీత గీయగా ఆవులు దానిని దాటలేదను కథ జనశ్రుతి. ఇంటిపనికిని రచనకును నడుమ నలిగిన పాలేరు అవస్థ ఈ కథలో ధ్వనించుచున్నది.

సేవకుని మహిమ నెరిగిన అచ్చమ్మ ఆయనకు శిష్యురాలయ్యెను. తాటాకులను ఆమె ఇంటి ఆవరణలోనే పాతి, పైన చింతమొక్క నాటిరని ఐతిహ్యము. చింతమాను మఠము దానికి స్మారకము.

పిమ్మట ఆయన కందిమల్లాయపల్లె చేరి, గోవిందమ్మను పెండ్లాడి, గృహస్థుగానే బోధ సాగించెను. అన్నాజయ్య, దూదేకుల సిద్ధయ్య ఆయన శిష్యులు. 1693లో సజీవసమాధి పొందెనని ప్రతీతి.

నేడు వ్యాప్తిలోనున్న కాలజ్ఞాన ప్రతులలో ప్రక్షిప్తములు మెండు. జోస్యములు ఫలించెనా లేదా యను చర్చలో మూలరచన స్వరూపము మరుగున పడుచున్నది. రాజాస్థానపు నీడ నెరుగక, పసులకొట్టము నానుకొని పుట్టిన రచనగా దీనిని చూచినప్పుడే పాఠపరిష్కరణకు సరియైన దారి దొరకును.