ఉబ్బిన రెప్పల వెనక ఏముంది?

కరోనా రోజుల్లో మనమంతా మాస్కు కట్టుకున్నాం. ఆపరేషన్ చేసేటప్పుడు నోటికి, ముక్కుకి గుడ్డ అడ్డం కట్టుకోవడం మొదలుపెట్టిన తొలి సర్జన్లలో యోహాన్ మికూలిచ్ ఒకరు. అది 1897 నాటి మాట. ఆయన పేరు మరో చోట కూడా నిలిచిపోయింది. పెద్దవాళ్లలో రెండు కళ్ల పైరెప్పలూ నొప్పి లేకుండా ఉబ్బే ఒక అరుదైన జబ్బుని వైద్యులు ఆయన పేరుతోనే పిలుస్తూ వచ్చారు.

మికూలిచ్ 1850లో చెర్నోవిట్స్‌లో పుట్టారు. అప్పట్లో అది ఆస్ట్రియా సామ్రాజ్యంలోది, ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉంది. వియన్నాలో వైద్యం చదివి, పేరుమోసిన సర్జన్ బిల్‌రోత్ దగ్గర సహాయకుడిగా పనిచేశారు. జీర్ణాశయం లోపలికి గొట్టం పంపి చూసే పరికరాన్ని 1881లోనే వాడారు. ఆ తర్వాత క్రాకోవ్, కోనిగ్స్‌బర్గ్, బ్రెస్లావ్ నగరాల్లో ప్రొఫెసర్‌గా పనిచేశారు.

కోనిగ్స్‌బర్గ్‌లో ఉండగా ఆయన దగ్గరకి 42 ఏళ్ల రైతు ఒకరు వచ్చారు. రెప్పలు ఉబ్బి, కళ్లు తెరవడమే కష్టమైపోయింది. కన్నీటి గ్రంథులు పెరిగాయి. తర్వాత దవడ కింద, చెవుల ముందు ఉండే లాలాజల గ్రంథులూ వాచాయి. మికూలిచ్ కన్నీటి గ్రంథులను కోసి తీస్తే వాపు మళ్లీ వచ్చింది. తీసిన ముక్కను మైక్రోస్కోపు కింద చూస్తే గ్రంథి నిండా చిన్న చిన్న గుండ్రటి కణాలు కనిపించాయి. తర్వాత కొంతకాలానికి ఆ రైతు కడుపులో ఇన్ఫెక్షన్‌తో చనిపోయారు. జబ్బుకి కారణం తేలకపోయినా మికూలిచ్ తాను చూసినదంతా వివరంగా రాసి 1892లో అచ్చు వేయించారు.

మికూలిచ్ 1905లో కన్నుమూశారు. జీర్ణాశయ ఆపరేషన్లలో దిట్ట అయిన ఆయన్ను బలితీసుకున్నది జీర్ణాశయ క్యాన్సరే.

తర్వాత చాలాకాలం ఆ జబ్బుని షోగ్రెన్ వ్యాధితో కలిపేసి చూశారు. అసలు సంగతి ఈ శతాబ్దంలో, ముఖ్యంగా జపాన్ వైద్యుల కృషితో బయటపడింది. మన రోగనిరోధక వ్యవస్థ దారి తప్పి, ఐజీజీ4 అనే యాంటీబాడీని తయారుచేసే కణాలు గ్రంథుల్లో పేరుకుపోతాయి. అదే వాపు. ఇది కళ్లతో ఆగకపోవచ్చు. పాంక్రియాస్, కిడ్నీలు కూడా దెబ్బతినవచ్చు.

ఇక మీ సంగతికి వద్దాం. ఉదయం లేవగానే రెప్పలు కాస్త ఉబ్బినంత మాత్రాన భయపడకండి. ఎక్కువసార్లు అది అలర్జీయో, కురుపో అయ్యుంటుంది. కిడ్నీ, థైరాయిడ్ సమస్యల్లోనూ రెప్పలు ఉబ్బుతాయి. కానీ పైరెప్పల బయటి అంచు దగ్గర నొప్పి లేని వాపు వారాల తరబడి తగ్గకపోయినా, దానికి తోడు దవడ కింద గడ్డలు కనిపించినా ఆలస్యం చేయకండి. కనుగుడ్డు ముందుకి పొడుచుకు వచ్చినా, ఒకటి రెండుగా కనిపించినా, చూపు మసకబారినా అదే రోజు డాక్టర్ దగ్గరకి వెళ్లండి.

ఒక్క పని మాత్రం చేయకండి. మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ మాత్రలు వేసుకోకండి. ఈ జబ్బుకి అసలు మందు స్టెరాయిడే, చాలామందిలో కొద్ది వారాల్లోనే వాపు దిగిపోతుంది. చిక్కంతా అక్కడే ఉంది. లింఫోమా అనే క్యాన్సర్ వాపు కూడా స్టెరాయిడ్‌తో కొన్నాళ్లు తగ్గి, మళ్లీ వస్తుంది. ఈలోగా బయాప్సీ చేసినా అసలు జబ్బు సరిగా తేలకపోవచ్చు. క్షయ ఉంటే ముదురుతుంది. అందుకే ముందు రక్తపరీక్ష, స్కానింగ్, అవసరమైతే చిన్న ముక్క తీసి బయాప్సీ, ఆ తర్వాతే మందు. మోతాదు తగ్గించేటప్పుడు జబ్బు తిరగబెట్టే అవకాశం ఉంది కాబట్టి మధ్యలో మానేయకూడదు.

ఆ రైతుకి లేని మందు ఇవాళ మన ప్రభుత్వాసుపత్రుల్లోనూ దొరుకుతుంది. జబ్బేదో తేలాకే దాన్ని మొదలుపెట్టాలి.