మన బరంపురంలో పుట్టిన కలం – తాపీ ధర్మారావు గారు

వి.వి.గిరి గారు మన ఊళ్ళో పుట్టినవారని బరంపురం తెలుగు ఇళ్ళలో చిన్నపిల్లలు కూడా చెబుతారు. రాష్ట్రపతి అయ్యారు కాబట్టి ఆ పేరు నిలిచింది. గిరి గారికంటే సుమారు ఏడేళ్ళ ముందు, 1887 సెప్టెంబరు 19న, ఇదే బరంపురంలో పుట్టిన మరొకరున్నారు. తెలుగు పత్రికల భాషను మార్చి, తెలుగు సినిమాకు మాటలు రాసి, నవ్విస్తూనే చురకలు పెట్టిన తాపీ ధర్మారావు గారు. ఆయన గురించి మన పిల్లలను అడిగితే మొహమొహాలు చూసుకుంటారు. అందుకే ఈ నాలుగు మాటలు.

ఆయన పుట్టేనాటికి బరంపురం మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేది. ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది 1936 ఏప్రిల్ 1న. అంటే ఆయన జీవితంలో మొదటి 48 ఏళ్ళూ గంజాం, విశాఖపట్నం, మద్రాసు అన్నీ ఒకే పాలన కింద ఉండేవి. చదువుకో, ఉద్యోగానికో గంజాం కుర్రాడు పర్లాకిమిడి వెళ్ళడం, అక్కణ్ణుంచి మద్రాసు వెళ్ళడం మామూలు సంగతి.

ధర్మారావు గారు కూడా ఆ దారినే నడిచారు. పర్లాకిమిడిలో ఆయనకు గురువు గిడుగు రామమూర్తి పంతులు గారు. జనం మాట్లాడే తెలుగులోనే పుస్తకాలూ పాఠాలూ ఉండాలని జీవితమంతా పోరాడిన మహానుభావుడాయన. సవరల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేసినవారు కూడా ఆయనే. మద్రాసులో చదువు ముగించాక ధర్మారావు గారు కొంతకాలం కల్లికోట రాజావారి కళాశాలలో లెక్కలు బోధించారు. లెక్కల మాస్టారు కదా, తర్వాతి రోజుల్లో ఏ విషయం రాసినా ముందు ప్రశ్న వేసుకుని, ఒక్కొక్క మెట్టూ ఎక్కి జవాబు తేల్చే పద్ధతి ఆయనను వదలలేదు. 1911లో బరంపురంలో 'వేగుజుక్క' గ్రంథమాలను స్థాపించారు. మన ఊరి నుంచి తెలుగు పుస్తకాలు అచ్చయి బయటి ఊళ్ళకు వెళ్ళిన కాలం అది. ఈ సంగతి మన పిల్లలకు తప్పకుండా చెప్పాలి.

ఆ తర్వాత ఆయన జీవితం పత్రికల పాలయింది. 'కొండెగాడు', 'సమదర్శిని', 'జనవాణి', 'కాగడా' పత్రికలను నడిపారు. వీటిలో 'జనవాణి'కి చరిత్రలో ప్రత్యేకమైన చోటుంది. అప్పట్లో సంపాదకీయమంటే గ్రాంథికంలోనే ఉండాలని అందరూ అనుకునేవారు. వీధిలో మాట్లాడే భాషలో రాస్తే గౌరవం పోతుందని భయం. 1930ల్లో ధర్మారావు గారు 'జనవాణి'లో ఆ భయాన్ని పక్కకు నెట్టి వాడుక భాషలో రాశారు. గురువు గారు సభల్లో వాదించిన విషయాన్ని శిష్యుడు పత్రికలో అచ్చువేసి చూపించాడన్నమాట. తర్వాత గొప్ప సంపాదకుడిగా పేరు తెచ్చుకున్న నార్ల వెంకటేశ్వరరావు గారు కూడా కొన్నాళ్ళు 'జనవాణి'లో పనిచేసినవారే. ఈ రోజు ఏ తెలుగు పేపరు తెరిచినా మనకు తేలిగ్గా అర్థమవుతున్నదంటే, ఆ మార్పుకు దారి వేసినవాళ్ళలో మన బరంపురం మనిషి ఒకరు.

ఇక ఆయన హాస్యం. 'కొత్తపాళీ', 'పాతపాళీ', 'సాహిత్య మొరమరాలు' అని ఆయన వ్యాస సంపుటాల పేర్లు. పాళీ అంటే సిరాకలం మొన. అది రాస్తుంది, అవసరమైతే గుచ్చుతుంది కూడా. మరమరాలంటే బరువులేని తిండి, కబుర్లు చెప్పుకుంటూ గుప్పెడు గుప్పెడు తినేది. పేర్లలోనే ఆయన స్వభావం తెలిసిపోతుంది. 'నల్లిపై కారుణ్యము' అని మరొకటి రాశారు. మంచంలో కుట్టే నల్లి మీద దయ చూపమనడం ఎంత చమత్కారం! 'ఆలిండియా అడుక్కుతినేవాళ్ళ మహాసభ' అనే పేరు చూస్తే మాలాంటి సంఘాలవాళ్ళు కాస్త జాగ్రత్తపడాలి. అధ్యక్షుడు, ఆహ్వాన సంఘం, తీర్మానాలు, వందన సమర్పణ అంటూ ప్రతిదానికీ మహాసభ పెట్టే మన అలవాటుకు ఆ పేరే పెద్ద చురక.

ఆ నవ్వు వెనకాల గట్టి చదువు ఉంది. 1936లో ఆయన 'దేవాలయాలమీద బూతుబొమ్మలెందుకు?' అనే పుస్తకం రాశారు. కోణార్కు చూడని బరంపురం కుటుంబం ఉండదు. అక్కడ పిల్లలు అడుగుతారేమోనని పెద్దలు మొహం తిప్పుకునే ప్రశ్ననే ఆయన పుస్తకానికి పేరుగా పెట్టారు. ప్రాచీన జాతుల నమ్మకాలు, ఆచారాలు పరిశీలించి జవాబు వెతికారు. 'ఇనుప కచ్చడాలు', 'పెళ్ళి – దాని పుట్టుపూర్వోత్తరాలు' కూడా అలాంటివే. పెళ్ళిలో మనం అర్థం తెలియకుండా చేసే తంతులు ఎక్కడ పుట్టాయో, ఆడవాళ్ళను కట్టడి చేయడానికి మగవాళ్ళు ఏమేం చేశారో ఆయన దాచకుండా చెప్పారు. ఆయన అభిప్రాయాలన్నీ అందరికీ నచ్చనక్కరలేదు. మా తరంలో ఆ పుస్తకాలను పెద్దలకు తెలియకుండా చదివినవాళ్ళూ ఉన్నారు. కానీ ఆయన ఎవరినీ తిట్టలేదు. నవ్వుతూ అడిగారు, ఓపికగా వివరించారు.

సినిమా మాటలు ఆయనకు మరింత పేరు తెచ్చాయి. గూడవల్లి రామబ్రహ్మం గారు 1938లో తీసిన 'మాలపిల్ల'కు మాటలు ఆయనవే. కథ చలం గారిది. అంటరానితనం మీద అంత సూటిగా తీసిన సినిమాను జనం విరగబడి చూశారు. 1955లో వచ్చిన 'రోజులు మారాయి'కి కూడా ఆయనే మాటలు రాశారు. దానికి దర్శకుడు ఆయన కుమారుడు తాపీ చాణక్య గారు. సాహిత్యలోకం ధర్మారావు గారిని ప్రేమగా 'తాతాజీ' అని పిలిచేది. 1943లో తెనాలిలో జరిగిన అభ్యుదయ రచయితల సంఘం మొదటి మహాసభకు ఆయనే అధ్యక్షులు. టాల్‌స్టాయ్ 'అన్నా కరెనినా'ను తెలుగులోకి తెచ్చారు. 'రాలూ రప్పలూ' పేరుతో తన జీవితకథ రాసుకున్నారు.

ఒక విశేషం గమనించాలి. వాడుక భాష కోసం పాటుపడినవారికి పాత కావ్యాలంటే గిట్టదని కొందరనుకుంటారు. ధర్మారావు గారు చేమకూర వెంకటకవి 'విజయవిలాసం'కు 'హృదయోల్లాస వ్యాఖ్య' రాశారు. పద్యంలోని చమత్కారాన్ని ఎవరికైనా అర్థమయ్యేలా విప్పి చెప్పారు. దానికే 1971లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. అప్పటికి ఆయనకు 84 ఏళ్ళు. 1973 మే 8న కన్నుమూశారు.

ఆయన జీవితం ముఖ్యంగా మనకెందుకు కావాలంటే, మనం మాట్లాడే తెలుగును చూసి మనమే సిగ్గుపడుతున్నాం. ఆంధ్రా నుంచి చుట్టాలొస్తే మన మాటలో ఒడియా పదాలున్నాయని, యాస వేరుగా ఉందని నవ్వుతారు. దాంతో పిల్లలు తెలుగు మాట్లాడడమే మానేస్తున్నారు. మాట్లాడేవాళ్ళకైనా అక్షరాలు రావు. బడిలో ఒడియా, ఇంగ్లీషు చదువుతారు. తెలుగు ఇంట్లో నోటిమాటగానే మిగిలింది. జనం నోట ఉన్న మాటే భాష అని నమ్మి నిలబడిన గురుశిష్యులిద్దరూ తెలుగునేల నడిబొడ్డున తయారైనవారు కారు. ఈ గంజాం సీమలో, ఒడియా, సవర మాటలు వినబడే ఊళ్ళలో తయారయ్యారు. మన యాస తక్కువదని ఎవరైనా అంటే చెప్పడానికి ఇంతకంటే మంచి జవాబు లేదు.

కాకపోతే, నోటిమాట ఒక్కటే ఉంటే సరిపోదు. ధర్మారావు గారు ఆ మాటను కాగితం మీద పెట్టారు కాబట్టే నిలిచింది. మన ఇళ్ళలో తాతయ్యలు, అమ్మమ్మలు రోజుకు పావుగంట కేటాయిస్తే పిల్లలకు అక్షరాలు వచ్చేస్తాయి. సెప్టెంబరు 19కి మహాసభలు, తీర్మానాలు అక్కర్లేదు. ఆయన వ్యాసం ఒక్కటి ఇంట్లో పైకి చదివి, పిల్లలతో కలిసి నవ్వుకుంటే చాలు.