ఎలిజబెత్ ఫ్రై చరిత్రము

నేరము చేసిన స్త్రీని శిక్షింపవలసినదే. కాని శిక్షయను నెపమున నామెను మనుష్యజాతినుండి వెలివేయుట న్యాయమగునా? ఈ ప్రశ్నకు తన జీవితముచేతనే యుత్తరము చెప్పిన పుణ్యవతి ఎలిజబెత్ ఫ్రై.

ఈమె 1780 వ సంవత్సరము మే నెల 21 వ తేదీని ఇంగ్లండునందలి నార్విచ్ పట్టణమున నొక ధనిక కుటుంబమునందు జన్మించెను. పండ్రెండేండ్ల ప్రాయముననే తల్లిని గోల్పోయెను. 1800 లో క్వేకరు మతస్థుడగు జోసెఫ్ ఫ్రైని వివాహమాడి, పదునొకండుగురు బిడ్డలకు తల్లి యయ్యెను.

1813 లో ఈమె లండనునందలి న్యూగేటు చెఱసాలను చూడబోయెను. అచట దాదాపు మున్నూఱుమంది స్త్రీలు పసిబిడ్డలతోకూడ క్రిక్కిఱిసియుండి, పరుపులులేక నేలమీదనే పరుండుచుండిరి. విచారణ జరుగనివారును శిక్షపడినవారును ఒక్కచోటనే యుండిరి. నాడు బిడ్డలకు వస్త్రములిచ్చి మరలిన ఈమె, 1816 తుదిని తిరిగివచ్చి, తల్లులతో వారి బిడ్డల మేలునుగూర్చి మాటలాడి, పాఠశాల నెలకొల్పెను. ఉపాధ్యాయినియు ఖైదీలలోనుండియే యెన్నుకొనబడెను. 1817 లో నొక స్త్రీసమాజమును స్థాపించి, వారికి కుట్టుపని నేర్పించెను. నడవడి నియమములను ఒక్కొక్కటిగా చదివి వినిపించి, ఖైదీలు చేతులెత్తి సమ్మతించిన పిమ్మటనే యమలుపఱచెను. భయముచే లొంగనివారు గౌరవముచే లొంగిరి.

1818 లో ఈమె పార్లమెంటు ఉపసంఘమునెదుట సాక్ష్యమిచ్చెను. స్త్రీఖైదీలకు స్త్రీలే కావలి యుండవలెనని 1823 లో చట్టమయ్యెను. కాని తనిఖీ చేయు నధికారులు లేనందున, అది పలుచోట్ల కాగితముమీదనే నిలిచెను; 1835 లోగాని యట్టివారు నియమింపబడలేదు. 1828 లో భర్త దివాలా తీయగా, లోకము నిందించినను ఈమె తన పనిని విడువలేదు. 1845 వ సంవత్సరము అక్టోబరు 12 వ తేదీని పరమపదించెను.

స్త్రీలను స్త్రీలే కాపాడవలెనను నియమము 1955 లో ఐక్యరాజ్యసమితి మహాసభ జినీవాలో నంగీకరించిన కనిష్ఠ నియమములలో చేరెను. 2006 లో మన సర్వోన్నత న్యాయస్థానము, ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ప్రతివాదిగానున్న యొక వ్యాజ్యెమున, తల్లితో చెఱసాలలోనున్న శిశువును ఖైదీగా నెంచరాదని నిర్ణయించెను. 2010 లో నంగీకృతములైన 70 బ్యాంకాకు నియమములు ఆ మాటనే చెప్పి, ప్రసవసమయమున సంకెలలు వేయరాదనియు విధించెను.

చదువరులారా! నియమము వ్రాయుటతో కార్యము ముగియదు. చెఱసాల గడప దాటి లోపలికి పోయి చూచువారుండినగదా యది ఫలించును! ఈమె చరిత్రము మనకు నేర్పునది యిదియే.