పేగు గోడను నిలబెట్టిన మందు: ఎల్లాప్రగడ సుబ్బారావు

వేలు తెగితే మీరు గాయాన్ని కడిగి కట్టు కడతారు. ఎందుకు? చర్మం తెగితే రోగక్రిములకు దారి దొరుకుతుంది. చర్మం శరీరానికి సహజమైన రక్షణ గోడ. ముక్కులోని శ్లేష్మం, కన్నీరు, జీర్ణాశయంలోని ఆమ్లం, పేగుల లోపలి పొర కూడా క్రిములను అడ్డుకుంటాయి. ఈ పేగు పొర చెడితే ఏమవుతుందో తన ఇంట్లోనే చూసిన శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావు. ఆయన జీవితం గురించి తెలుసుకుందాం.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. చదువు సాఫీగా సాగలేదు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గాని ప్యాసు కాలేదు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు. ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు. ఎల్.ఎం.ఎస్. తోనే సరిపెట్టుకున్నారు.

యౌవనంలోనే మరో దెబ్బ తగిలింది. ఇద్దరు సోదరులు కొద్ది రోజుల తేడాతో స్ప్రూ అనే పేగు జబ్బుతో మరణించారు. ఈ జబ్బులో పేగు లోపలి పొర దెబ్బతింటుంది. తిన్నది ఒంటికి పట్టదు. విరేచనాలతో, రక్తహీనతతో మనిషి చిక్కిపోతాడు. అప్పట్లో దీనికి సరైన మందు లేదు.

1920ల మొదట్లో ఆయన అమెరికా వెళ్ళారు. ఆసుపత్రిలో చిన్న పనులు చేస్తూ హార్వర్డ్‌లో పరిశోధించారు. 1940లో లెడర్లే ప్రయోగశాలలో చేరారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. పేగు పొరలోని కణాలు కొద్ది రోజులకే రాలిపోయి, కొత్తవి పుడుతుంటాయి. అవి పుట్టడానికి ఫోలిక్ ఆమ్లం అవసరం. ఆయన పర్యవేక్షణలో బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ 1948లో వెలువడింది. టెట్రాసైక్లిన్ మందులలో ఇదే మొదటిది.

ఈ రెంటినీ కలిపి చూడండి. ఉష్ణదేశాల్లో వచ్చే స్ప్రూకు నేడు ఇచ్చే మందులు ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్. మొదటిది గోడను తిరిగి కట్టడానికి తోడ్పడుతుంది. రెండవది పేగులో చేరిన క్రిములను అణచివేస్తుంది. సోదరులను కాపాడగలిగిన మందులు చాలా ఏళ్ళ తరువాత ఆయన ప్రయోగశాలలోనే సిద్ధమయ్యాయి.

సుబ్బారావు 1948 ఆగస్టులో న్యూయార్కులో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 53 ఏళ్ళు. 1995లో భారత తపాలా శాఖ ఆయన పేర తపాలా బిళ్ళ విడుదల చేసింది. ఆరోగ్య కేంద్రంలో గర్భిణులకు ఇచ్చే ఐరన్ మాత్రలో ఫోలిక్ ఆమ్లం కూడా ఉంటుంది. ఈసారి ఆ మాత్ర చూసినప్పుడు, పరీక్షలో రెండుసార్లు తప్పిన ఆ విద్యార్థిని తలచుకోండి.